రెండువందల పన్నెండో పేజీకి పాఠకుడు కావలెను

తప్పంతా అంకమ్మరావుదే. ఆ సంగతి ముందుగానే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరి మీదా కోపం తెచ్చుకోవాల్సిన పని ఉండదు.

తాడిబోయిన అంకమ్మరావు గుంటూరులో సర్వజన సంగీత గ్రంథ మండలి అనే సంస్థలో పరిశోధక సహాయకుడు. వాళ్ళ ఇంటిపేరుగల వాళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాడు. అలాంటివాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ప్రశ్న ఎవరు అడిగినా, ఏది అడిగినా, పూర్తి మార్కులకి జవాబు రాయాలనిపిస్తుంది. రెండు మార్కుల ప్రశ్నకి నాలుగు పేజీలు రాసి, అదనపు కాగితం అడిగి, దారంతో కట్టి ఇచ్చే రకం. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ అదనపు కాగితం వల్లే జరిగింది.

మండలి వారు ప్రపంచ సంగీత గ్రంథమాల అని పన్నెండు పుస్తకాలు తలపెట్టారు. ప్రతి పుస్తకం అట్ట మీదా 'సాధారణ సంగీతాభిమానుల కోసం' అని ఉండాలని నిర్ణయం. కర్ణాటకం, హిందుస్తానీ, జానపదం, సినిమా, అన్నీ సీనియర్లు పంచేసుకున్నాక ఒపేరా చరిత్ర ఒక్కటీ మిగిలింది. డైరెక్టరు పరాంకుశం గారు అంకమ్మరావుని పిలిపించారు.

"చూడవయ్యా, ఈ అంశం విషయంలో నీకు ఎటువంటి పూర్వాభిప్రాయమూ లేదు గదా?"

"ఆ మాటే ఎప్పుడూ వినలేదు సార్."

"అద్గదీ. నిష్పాక్షికతకి ఇంతకు మించిన అర్హత ఏముంటుంది? కానివ్వు."

అంకమ్మరావు కానిచ్చాడు. పొద్దున బస్సులో, సాయంత్రం బస్సులో, ఇంట్లో అన్నం తింటూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పద్నాలుగు నెలలు ఒపేరా విన్నాడు. మొదటి నెల పక్కింట్లో గొడవ విన్నట్టే ఉంది. రెండో నెలకి గొడవ ఎవరెవరికో తెలిసింది. మూడో నెలకి తను ఒక పక్షం వహించేశాడు. ఆ తర్వాత ఇంక మనిషి మనిషిలా లేడు. రెండువందల పన్నెండు పేజీలు రాశాడు, ఏ మాటకామాట, బాగానే రాశాడు.

పుస్తకం అచ్చయితేనే అతని ప్రొబేషను పూర్తవుతుంది. కానీ అంకమ్మరావుకి ప్రొబేషను కన్నా అట్ట మీద యావ ఎక్కువ. ఇంటిపేరుతో సహా తన పేరు పుస్తకం అట్ట మీద చూసుకోవాలని ఉండేది. ఎక్కడ, ఏ సైజులో పడితే బాగుంటుందో స్కేలు పెట్టి కొలుచుకున్నాడు కూడా. ఏప్రిల్ ఒకటిన పన్నెండు పుస్తకాలకీ కలిపి ఆవిష్కరణ. అప్పటికి ప్రెస్సుకి వెళ్ళనిది ఇక వెళ్ళనట్టే.

సరిగ్గా అప్పుడు పైనుంచి ఒక చిన్న ప్రశ్న వచ్చింది. 'సాధారణ సంగీతాభిమాని అనగా ఎవరు? గ్రంథము వారికి అర్థమగునని ఎట్లు నిర్ధారించితిరి?'

మిగతా పదకొండు పుస్తకాల వాళ్ళు 'అనుభవముచే నిర్ధారించితిమి' అని ఒక్క ముక్క రాసి పంపేశారు. సరిపోయింది. అంకమ్మరావు మాత్రం నాలుగు పేజీల నోటు రాశాడు. సాధారణ సంగీతాభిమాని అనగా, ఒకటి, సంగీతమనిన ఇష్టము కలవాడు. రెండు, ఒపేరా గురించి ఇంతకు ముందు ఏమియు తెలియనివాడు. అట్టివాడు గ్రంథములోని ప్రతి పుటను చదివి, అర్థమైనదని సంతకము చేయుట శ్రేయస్కరము.

'శ్రేయస్కరము' అనే మాట వాక్యం అందంగా ముగుస్తుందని వేశాడు, అంతే. వారం తిరిగేసరికి అది సర్క్యులర్ పదిహేడు అయి కూర్చుంది. ఒక్క ఒపేరా పుస్తకానికే వర్తిస్తుందట, నోటు రాసింది దాని రచయితే కాబట్టి.

"గొప్ప ఆలోచనయ్యా!" అన్నారు పరాంకుశం గారు. "లక్షిత పాఠకుడి భాగస్వామ్యంతో గ్రంథ నిర్మాణం! దేశంలో ఎవరూ చెయ్యలేదు."

ఎవరూ ఎందుకు చెయ్యలేదో తర్వాత తెలిసింది.

మొదటి పాఠకుడు అరండల్‌పేటలో టైలరు, చింతా ఆదాము గారు. మొదటి పేజీ ఇచ్చారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఫ్లారెన్సు నగరంలో కొందరు పండితులు కూడి, పూర్వం గ్రీకుల నాటకాలు మొదటినుంచి చివరిదాకా పాటగానే ఉండేవని తీర్మానించుకుని, అలాగే మనమూ చేద్దామని పూనుకున్నారు. గ్రీకులు నాటకమంతా పాడేవారు కాదేమో అని ఇప్పటి వాళ్ళ అనుమానం. ఆ పొరపాటు నుంచి పుట్టిందే ఒపేరా.

"అంతమంది చదువుకున్నోళ్ళు కలిసి కూర్చుని పొరపాటు పడ్డారా?" అన్నాడు ఆదాము.

"కలిసి కూర్చుంటేనే తేలిక," అన్నాడు అంకమ్మరావు, ఎటువంటి ఎత్తిపొడుపూ లేకుండా.

ఆదాము నవ్వి సంతకం పెట్టి రెండో పేజీకి చెయ్యి చాపాడు. సూపరింటెండెంటు మాణిక్యాంబ గారు ఆ చెయ్యి మధ్యలోనే ఆపారు. మాణిక్యాంబ గారు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క నిబంధన కూడా వదులుగా కట్టని మనిషి.

"ఆగండి. ఇప్పుడు ఈయనకి ఒపేరా ఎక్కడ పుట్టిందో తెలుసు గదా?"

"తెలుసు మేడం," అన్నాడు అంకమ్మరావు.

"నీ నోటులో ఏం రాశావు? ఇంతకు ముందు ఏమియు తెలియనివాడు అని. మరి ఈయన రెండో పేజీకి ఎట్లా పనికొస్తాడు?"

అంకమ్మరావు నోటు తీసి మళ్ళీ చదివాడు. మాణిక్యాంబ గారి మాటలో వేలు పెట్టడానికి సందు లేదు. అంత పకడ్బందీగా రాసింది తనే.

అలా పేజీకి ఒకడు చొప్పున రెండువందల పన్నెండు మంది సాధారణ సంగీతాభిమానులు కావాలని తేలింది. ఒక్కొక్కరికీ ఏమీ తెలియదని ముందుగా ధ్రువీకరణ జరగాలి. దానికొక ఫారం అచ్చువేయించారు. పుస్తకం అచ్చుకాలేదు గానీ ఫారం రెండు రోజుల్లో అయింది.

పరీక్ష చేసే పని మాణిక్యాంబ గారికి పడింది. ఆటో నడిపే షేక్ బాజీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. హుషారైన మనిషి, ఆటోలో రెండు స్పీకర్లు.

"మీకు ఫలానా దాని గురించి తెలుసా?" అన్నారావిడ.

"ఫలానా అంటే ఏంది మేడం?"

"దాని పేరు చెప్పకూడదు. చెబితే మీకు పేరు తెలిసిపోతుంది."

"పేరు చెప్పకపోతే నాకు తెలీదని ఎట్టా చెప్పేది?"

"మీకు తెలియనివి ఏమేమిటో మీరే వరసగా చెప్పండి. నేను వింటాను."

బాజీ తల గోక్కున్నాడు. "తెలీని దాని పేరు నాకు తెలిస్తే, ఇంక తెలీనట్టు ఎట్టా అవుద్ది మేడం? పోనీ తెలిసినయ్యి చెప్తా, రాసుకోండి. ఆటో తెలుసు. నాజ్ సెంటర్ తెలుసు. మా ఆవిడ కోపం తెలుసు..."

ఇరవై నిమిషాలు చెప్పాడు. అందులో ఒపేరా రాలేదు. పాసయ్యాడు. యాభై ఎనిమిదో పేజీ ఇచ్చారు.

యాభై ఎనిమిదో పేజీలో అంకమ్మరావు ఆనాటి గాయకుల గురించి రాశాడు. ఆడవాళ్ళ స్థాయిలో, మగవాళ్ళ ఊపిరితో పాడి రాజుల చేత కంటతడి పెట్టించిన మగ గాయకులు. పేజీ చివరి పంక్తి ఇలా ఆగింది: 'ఈ లేతగొంతు జీవితాంతం నిలిచి ఉండేందుకు, తల్లిదండ్రులే ఒప్పుకుని, ఆ మగపిల్లలకు చిన్నతనంలోనే'.

"చిన్నతనంలోనే ఏం చేశారు?" అన్నాడు బాజీ.

"అది యాభై తొమ్మిది. మీకు సంబంధం లేదు. అర్థమైందని సంతకం పెట్టండి."

సంతకం పెట్టాడు గానీ బాజీకి నాలుగు రోజులు ఆటో సరిగా నడపబుద్ధి కాలేదు. యాభై తొమ్మిదో పేజీ ఎవరికి పడిందో వాకబు చేశాడు. పెద్దాసుపత్రిలో రిటైరయిన నర్సు గ్రేసమ్మ గారికి. వెతుక్కుంటూ ఆవిడ ఇంటికి పోయాడు.

"సిస్టర్ గారూ, ఆ పిల్లల్ని ఏం చేశారండీ?"

"చెప్పకూడదు. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టా," అంది గ్రేసమ్మ. "పెట్టకపోయినా నీకు చెప్పను, పో."

దాంతో బాజీ ఊరు మీద పడ్డాడు. అరవయ్యో పేజీ చదివినవాడు దొరికితే దాన్నిబట్టి వెనక సంగతి లాగొచ్చని ఒక ఆశ. అరవై వాడికీ అదే ఇబ్బంది, 'ఆ ఘోరం ఆగిపోవడానికి' అని అతని పేజీ మొదలవుతుంది, ఏ ఘోరమో తెలీదు. వాళ్ళిద్దరూ కలిసి గ్రేసమ్మ గారి దగ్గరికి మళ్ళీ పోయారు. ఆవిడ ఇద్దరికీ టీ ఇచ్చింది గానీ విషయం ఇవ్వలేదు. ఇట్లా ఒకరి కోసం ఒకరు తిరుగుతూ, నెలాఖరుకి మండలి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర రోజూ ముప్ఫై నలభై పేజీలు పోగవడం మొదలైంది. పేర్లు ఎవరికీ గుర్తుండవు. పేజీ నెంబర్లే పిలుపులు.

"ఏమయ్యా ఎనభై ఎనిమిదీ, నీ దాంట్లో చక్రవర్తి ఎందుకు కోప్పడ్డాడు?"

"వన్స్ మోర్లు ఎక్కువైనయ్యంట! పాట పాటకీ జనం మళ్ళీ మళ్ళీ అడిగితే ఆట ఎప్పటికీ అవక, కలిసి పాడే పాటలకి వన్స్ మోర్ లేదని ఆర్డరేశాడు."

"ఓస్, మన పద్యనాటకమేగా! మా తెనాల్లో అయితే చచ్చిపడున్నోణ్ణి కూడా లేపి పాడించేవోళ్ళు. మరి ఆ ఆర్డరు విన్నారా జనం?"

"అది ఎనభై తొమ్మిది చెప్పాల. ఏడమ్మా ఎనభై తొమ్మిది?"

"ఇక్కడున్నా, అరవమాకు. పకోడీ తిన్నాక చెప్తా."

వెనీసులో టిక్కెట్టు కొన్నవాడికల్లా మొదటిసారి తలుపులు తెరిచిన సంగతి ఒక కూరగాయలావిడ చెప్పింది. పెద్దింటివాళ్ళు ఒపేరా నడుస్తుండగానే ఆ నాటకశాలలోనే తమకని ఉన్న గదుల్లో భోజనాలు చేసి పేకాడుకునేవాళ్ళనే సంగతి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు చెప్పారు, 'ఇప్పటి సభలు నయం' అని తన మాట ఒకటి కలిపి. పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయించే కనపర్తి డేవిడ్రాజుకి నూట ముప్ఫై మూడో పేజీ. అందులో వర్ణించిన పాట ఏదో కూడా తెలియకుండా, ఎలా ఉండి ఉంటుందో ఊహించి వాయించాడు. అసలుకి దగ్గరగా లేదని తెలిసిన ఒకే ఒక్క మనిషి మండలి కిటికీ వెనక నిలబడి విన్న అంకమ్మరావు. అతనికి మాత్రం అసలు కంటే అదే బాగుందనిపించి, కిటికీ ఊచ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

మాణిక్యాంబ గారు సర్క్యులర్ పద్దెనిమిది తెచ్చారు. పక్కపక్క పుటల పాఠకులు పరస్పరము పలకరించుకొనరాదు. కనీసము పది పుటల దూరము పాటించవలెను. అది టీ కొట్టు గోడకి అంటించారు. దాన్ని చదివాక, అప్పటిదాకా టీ తాగి వెళ్ళిపోయే మామూలు జనం కూడా ఆగి, ఇంత దాచాల్సిన సంగతి ఏముందా అని అడగడం మొదలుపెట్టారు. అడిగినవాడికల్లా ఒకటో పేజీ నుంచి చెప్పారు. డేవిడ్రాజు బ్యాండు పెళ్ళి ఊరేగింపుల్లో నూట ముప్ఫై మూడు వాయించింది. పెళ్ళివారు వన్స్ మోర్ అన్నారు.

మార్చి ఇరవై ఎనిమిదికి రెండువందల పదకొండు సంతకాలూ పూర్తయ్యాయి. మిగిలింది ఒక్క ఆఖరి పేజీ. అది చదవడానికి గుంటూరులో ఏమీ తెలియనివాడు దొరకలేదు. ఎవర్ని కూర్చోబెట్టినా, మాణిక్యాంబ గారు 'ఫలానా' అనగానే, "ఒపేరానా మేడం? ఫ్లారెన్సులో పుట్టింది," అంటున్నారు. 'పాఠకుడు కావలెను' అని గేటుకి బోర్డు పెట్టారు. అది చూసి వచ్చినవాళ్ళంతా దేనికో తెలిసే వచ్చారు.

చివరికి మండలి లోపలే వెతికారు. మాణిక్యాంబ గారు మొహమాటం లేకుండా డైరెక్టరు గారినే కూర్చోబెట్టారు. రెండేళ్ళుగా ఒపేరా ఫైళ్ళ మీద సంతకాలు పెడుతున్నా, తెలియకపోవడం అనే అర్హత ఆయనకి నూటికి నూరుపాళ్ళు ఉంది.

"ఇక సంగీతం మీద ఇష్టం సంగతి సార్. చివరిసారి మీరు ఇష్టపడి విన్న పాట?"

పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించారు. "జ్యోతి ప్రజ్వలన చేసేటప్పుడు ఒకటి పెడతారే... అది తొందరగా అయిపోతుంది. బాగుంటుంది."

సంగీతాభిమానం దగ్గర ఫెయిలయ్యారు. పాపం, ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు.

"నీకు తెలిసినవాళ్ళలో ఎవరూ లేరా?" అన్నారు మాణిక్యాంబ గారు అంకమ్మరావుతో. "సంగీతం ఇష్టం ఉండి, దీని గురించి ఒక్క ముక్క కూడా చెవిన పడనివాళ్ళు?"

ఉన్నారు. అంకమ్మరావు తల్లి గోవిందమ్మ. మిరప యార్డులో తొడిమలు తీసే పని. పని చేస్తున్నంతసేపూ పాడుతుంది, పద్యనాటకం ఎక్కడున్నా ముందు వరసలో ఉంటుంది. అరవయ్యో ఏట వయోజన విద్యలో చేరి కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. పద్నాలుగు నెలలు ఒపేరాలో మునిగితేలిన కొడుకు ఆవిడకి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే, అమ్మకేం అర్థమవుతుందిలే అనుకున్నాడని ఒప్పుకోవడం కష్టం. సాధారణ సంగీతాభిమానుల కోసం రెండువందల పన్నెండు పేజీలు రాసినవాడు అలా అనుకున్నాడంటే మరీ కష్టం.

మార్చి ముప్ఫై ఒకటి మధ్యాహ్నం నాలుగింటికి గోవిందమ్మ వచ్చింది. యార్డు నుంచి తిన్నగా వచ్చినందువల్ల గదిలో అందరికీ తుమ్ములు వచ్చాయి. పరీక్ష రెండు నిమిషాల్లో అయింది.

"మీ అబ్బాయి ఏం పని చేస్తాడో తెలుసా అమ్మా?"

"తెలవకేం. రోజూ చెవుల్లో వైర్లు పెట్టుకుంటాడు. ఆఫీసోళ్ళు అందులోనే తిడతా ఉంటారనుకుంటా. ఒక్కోరోజు పాపం కళ్ళెంబడి నీళ్ళు కారతా ఉంటయ్యి. ఎందుకమ్మా పిల్లోణ్ణి అంతంతలేసి మాటలంటారు?"

మాణిక్యాంబ గారు అంకమ్మరావు వంక చూశారు. అంకమ్మరావు నేల వంక చూశాడు. ఫారం మీద 'అర్హురాలు' అని పడింది. పేజీ ఇచ్చారు. బయట ప్రెస్సు మనిషి మోటారు సైకిలు మీద సిద్ధంగా ఉన్నాడు.

గోవిందమ్మ వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పైకే చదివింది. పావుగంట పట్టింది. చివరి వాక్యం దగ్గర ఆగి రెండుసార్లు చదివింది. 'ఇంత దూరం నాతో కలిసి నడిచి వచ్చిన ఓ పాఠకుడా, ఇప్పుడు ఒక్కసారి కళ్ళు మూసుకుని విను.'

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవునమ్మా."

"ఇంత దూరం అంటే ఎంత దూరం?"

అంకమ్మరావు నోరు తెరిచాడు. మాణిక్యాంబ గారు చెయ్యెత్తారు. "చెప్పొద్దు. అమ్మా, ఇక్కడ అర్థమైందని సంతకం పెట్టండి. ఇంటికి పోయాక తీరిగ్గా చెబుతాడు."

"నాతో నడిచొచ్చినదానా అంటన్నాడు గదమ్మా. నేనేడ నడిచొచ్చాను? వీడు నన్ను గడప కూడా దాటించలా. రాకుండానే వచ్చానని సంతకం ఎట్టా పెట్టేది?"

"అది రాయడంలో ఒక పద్ధతమ్మా. సంతకం పెట్టకపోతే పుస్తకం అచ్చవదు. మీవాడి పేరు అట్ట మీద రాదు."

గోవిందమ్మ పెన్ను తీసుకుంది. తీసుకుని కొడుకు మొహంలోకి చూసింది. "పెట్టమంటావా? నువ్వు పెట్టమంటే పెడతా. నాకు మటుకు ఒక్క ముక్క అర్థం కాలా, ముందే చెబుతున్నా."

గడియారంలో నాలుగూ నలభై. ఒక్క తలూపు చాలు. అంకమ్మరావు తలూపాలనే అనుకున్నాడు. స్కేలుతో కొలిచిన అట్ట, దాని మీద ఇంటిపేరుతో సహా తన పేరు, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. ఆ వచ్చిన వాటికి అడ్డంగా, మిరపపొడి అంటిన వేలు ఆ ఆఖరి వాక్యం మీద ఇంకా అలాగే ఉంది. తను రాసింది ఎవరైనా ఇంత కష్టపడి చదవడం అతను చూడటం అదే మొదలు. చదివి, అర్థం కాలేదని మొహాన చెప్పడం కూడా అదే మొదలు.

స్టూలు లాక్కుని తల్లికెదురుగా కూర్చున్నాడు.

"నాలుగొందల ఏళ్ళ కిందటమ్మా," అన్నాడు.

"అంకమ్మరావ్!" అన్నారు మాణిక్యాంబ గారు.

"ఇటలీ అని ఒక దేశం. అక్కడ చదువుకున్నవాళ్ళు కొంతమంది కూర్చుని..."

మాణిక్యాంబ గారు ఫారం మీద 'అర్హురాలు' ముందు 'అన్' చేర్చారు. ఫైలు మూశారు. బయటికి వెళ్ళి ప్రెస్సు మనిషిని పంపించేశారు. తిరిగి వచ్చేసరికి కథ వెనీసు చేరింది. ఆవిడ కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నారు.

"గట్టిగా చెప్పవయ్యా, ఫ్యాను చప్పుడు," అన్నారు.

ఏప్రిల్ ఒకటిన పదకొండు పుస్తకాలు విడుదలయ్యాయి. రెండో తేదీన డైరెక్టరు గారు ఒపేరా గ్రంథం విషయంలో తుది నోటు పెట్టమన్నారు. పెట్టే పని మళ్ళీ అంకమ్మరావుదే. అతను ఎప్పటిలాగే పూర్తి మార్కులకి రాశాడు. సర్క్యులర్ పదిహేడు ప్రకారము ఈ గ్రంథము ఒపేరా గురించి ఏమియు తెలియని సంగీతాభిమానుల కోసము ఉద్దేశించబడినది. విస్తృతముగా గాలించినను అట్టివారు ఒక్కరును లభ్యము కాలేదు. కనుక గ్రంథము యొక్క ఉద్దేశము ముద్రణకు పూర్వమే నెరవేరినది. కావున ముద్రణ అనవసరము.

ఉద్దేశం నెరవేరింది కాబట్టి ప్రొబేషను పూర్తయింది. నిబంధనలో తప్పు పట్టడానికేమీ లేదు. పరాంకుశం గారు నోటు పక్కన 'చాలా స్పష్టముగా రాయబడినది' అని ఎర్రసిరాతో రాశారు. రెండేళ్ళలో అంకమ్మరావు రాతని పైవాళ్ళు మెచ్చుకోవడం ఆ ఒక్కసారే. తన పుస్తకానికి తనే రాసిన మరణపత్రం అది. అయినా, ఎంత సిగ్గుమాలిన మనిషో చూడండి, దానికి జిరాక్సు తీయించుకున్నాడు.

ఇంట్లో మాత్రం పుస్తకం ఆగలేదు. గోవిందమ్మ యార్డు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చునేది, అంకమ్మరావు రోజుకి పదకొండు పన్నెండు పేజీలు చదివేవాడు. కొన్ని చోట్ల ఆపి ఫోనులో వినిపించేవాడు. ఆవిడ మధ్యమధ్యలో "ఆ ముక్క మళ్ళీ పెట్టు" అనేది. యాభై తొమ్మిదో పేజీలో ఆ మగపిల్లలకి విత్తులు కొట్టించారని వినగానే "వాళ్ళ నోళ్ళు పడిపోను" అని తల్లిదండ్రుల్ని తిట్టింది. పంతొమ్మిదో రోజుకి ఆఖరి పేజీ వచ్చింది. చదవడం ఆపి, అంకమ్మరావు తల్లి మొహం చూశాడు. అంత భయంగా ఏ పరీక్ష ఫలితాలూ చూడలేదు.

"అర్థమైంది," అంది గోవిందమ్మ. "అంతా అర్థమైంది. ఇంత కత నా దగ్గర దాచిపెట్టావు చూడు, అదొక్కటే అర్థం కాలా."

అంకమ్మరావు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆ చివర పేజీ ఒక్కటీ బాలేదు అబ్బాయ్. కళ్ళు మూసుకుని వినమన్నావు. పొద్దుగూకులూ తొడిమలు తీసొచ్చినోళ్ళు కళ్ళు మూస్తే వింటారా? నిద్రపోతారు. అది కొట్టేసి మళ్ళీ రాయి."

ఫ్లారెన్సు నుంచి ఇక్కడిదాకా మోసుకొచ్చిన వాక్యం అది. అన్నిట్లోకీ బాగా కుదిరిందని తను మురిసిపోయిన వాక్యం. అంకమ్మరావు రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం తెల్లకాగితం తీసి, పైన రెండువందల పన్నెండు అని వేసుకుని, "మరి ఏం రాయమంటావో చెప్పు," అన్నాడు.